కణ సిద్ధాంతం: మూడు వాక్యాలు, రెండు వందల ఏళ్ల తగువు

జీవశాస్త్రం పుస్తకం ఏది తెరిచినా కణ సిద్ధాంతం మూడు వాక్యాల్లో అయిపోతుంది. జీవులన్నీ కణాలతో తయారయ్యాయి. జీవానికి మౌలిక ప్రమాణం కణమే. కొత్త కణాలు అంతకుముందున్న కణాల నుంచే పుడతాయి. పక్కనే ష్లీడన్, ష్వాన్ అని రెండు పేర్లు, 1838, 1839 అని రెండు ఏళ్లు. కాస్త వివరంగా రాసిన పుస్తకమైతే విర్కోవ్, 1855 కూడా కనిపిస్తాయి. పరీక్షలో రెండు మార్కులకు ఇది చాలు.

చిక్కేమిటంటే, ఆ మూడో వాక్యాన్ని ష్లీడన్, ష్వాన్ ఇద్దరూ ఒప్పుకునేవారు కారు. కణాలు ఎలా పుడతాయన్న విషయంలో వాళ్లు రాసింది తప్పు. విర్కోవ్ పేరుతో చెలామణి అవుతున్న మాటను అతనికన్నా ముందే మరొకరు వాడారు, దానికి గట్టి ఆధారాలు కూడగట్టినది ఇంకొకరు. పైగా వైరస్‌ల మీద చర్చ వచ్చినప్పుడల్లా "కణమే లేనిదానికి ప్రాణం ఉన్నట్టా, లేనట్టా?" అన్న ప్రశ్న మళ్లీ ఈ మూడు వాక్యాల దగ్గరికే వచ్చి ఆగుతుంది. అందుకే ఏ వాక్యం ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతవరకు నిలబడుతుంది అనేది విడివిడిగా చూడాలి. నన్నడిగితే, మూడింటిలో అసలు బరువు మోసేది మూడోదే.

కణం అనిపించుకోవాలంటే ఏం ఉండాలి

చుట్టూ కొవ్వు అణువులతో అల్లిన పల్చటి త్వచం. లోపల నీళ్లలాంటి, కాస్త చిక్కటి కణద్రవ్యం. ఏం తయారు చేయాలో చెప్పే డీఎన్ఏ. ఆ సమాచారాన్ని చదివి ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములు. బాక్టీరియాలో దాదాపు ఇంతే. మొక్కలు, జంతువులు, శిలీంధ్రాల కణాల్లో డీఎన్ఏ కేంద్రకంలో ఉంటుంది, మైటోకాండ్రియా లాంటి కణాంగాలు అదనం. మొక్కల్లోనైతే త్వచానికి బయట గట్టి కణకవచం కూడా ఉంటుంది.

"మౌలిక ప్రమాణం" అన్న మాట దగ్గర చాలామంది తడబడతారు. జీవుల్లో అన్నిటికన్నా చిన్న వస్తువు కణమే అని దాని అర్థం కాదు. కణంలో అంతకన్నా చిన్నవి బోలెడున్నాయి. శరీరం నుంచి తీసిన కణాన్ని సరైన పోషక ద్రవంలో ఉంచితే అది తింటుంది, వ్యర్థాలు వదులుతుంది, చాలా సందర్భాల్లో విభజన కూడా చెందుతుంది. అదే కణాన్ని చితక్కొట్టి రైబోసోములను వేరు చేస్తే, కావలసిన సరుకులన్నీ అందిస్తే పరీక్షనాళికలో అవి కొంతసేపు ప్రోటీన్లు తయారుచేస్తాయి. తమలాంటి ఇంకో రైబోసోమును పూర్తిగా సొంతంగా తయారుచేసుకునే స్తోమత మాత్రం వాటికి ఉండదు. జీవక్రియలన్నీ ఒకచోట కూడి, తనను తాను కొనసాగించుకోగల చివరి మెట్టు కణం. ఆ మెట్టు దిగితే మిగిలేది రసాయనశాస్త్రం.

హుక్ వేసిన లెక్క

ఇంగ్లండులో రాబర్ట్ హుక్ పదునైన చాకుతో బెండు ముక్క నుంచి చాలా పల్చటి పొర కోశాడు. బెండు తెల్లగా ఉంటుంది కాబట్టి దాన్ని నల్లటి పలక మీద పెట్టి, కటకంతో వెలుతురును దాని మీదికి మళ్లించాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే తేనెపట్టులాంటి గదులు కనిపించాయి. 1665లో అచ్చయిన 'మైక్రోగ్రాఫియా'లో వాటిని 'సెల్స్' అన్నాడు.

అక్కడితో ఆగకుండా లెక్క కూడా వేశాడు. అంగుళంలో పద్దెనిమిదో వంతు పొడవులో సుమారు 60 గదులు కనిపించాయి. అంటే అంగుళానికి 1,080. చదరపు అంగుళానికి 1080ని 1080తో గుణిస్తే 11,66,400. ఘనపు అంగుళానికి ఇంకోసారి గుణిస్తే 125,97,12,000, అంటే దాదాపు 126 కోట్లు. నమ్మశక్యం కాని సంఖ్యే, కానీ గుణకారంలో తప్పు లేదు. అదే లెక్కను తిరగేసి చూద్దాం. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. దాన్ని 1,080తో భాగిస్తే ఒక్కో గది వెడల్పు 0.0235 మిల్లీమీటర్లు, అంటే సుమారు 24 మైక్రోమీటర్లు. మొక్కల కణాల పరిమాణంగా ఇవాళ్టికీ ఇది సబబైన అంకె.

అయితే హుక్ చూసినవి చచ్చిన కణాల గోడలు. లోపల గాలి తప్ప ఏమీ లేదు. పచ్చి మొక్కల్లో ఆ గదుల నిండా రసం ఉండటం కూడా అతను గమనించాడు, కానీ అది మొక్కలో ద్రవాలు పారే మార్గం కావచ్చనుకున్నాడు. జీవులన్నీ ఇలాంటి గదులతోనే తయారయ్యాయన్న ఆలోచన అతనికి లేదు. కణాన్ని మొదట చూసినవాడు హుక్ అనడంలో తప్పులేదు. కణ సిద్ధాంతానికి ఆద్యుడు అంటే మాత్రం అతిశయోక్తే.

మరో పదేళ్లకు డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ ఒకే ఒక్క చిన్న కటకంతో తయారుచేసుకున్న పరికరాల్లో నీటి బొట్టును చూసి, అందులో కదిలే జీవుల గురించి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరాలు రాశాడు. 1676 నాటి ఉత్తరాన్ని అక్కడ చాలామంది నమ్మలేదు. మరుసటి ఏడాది హుక్ స్వయంగా చేసి చూపించాకే నమ్మారు. బెండులోని గదికీ, నీళ్లలో ఈదే ఆ జీవికీ ఏదో సంబంధం ఉందని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

నూటయాభై ఏళ్ల ఆలస్యం ఎందుకు

కారణం చాలావరకు గాజుది. అప్పటి కటకాల్లో ఒక్కో రంగు కాంతి ఒక్కోచోట కేంద్రీకృతమయ్యేది. వస్తువు చుట్టూ రంగుల అంచులు, మసక వలయాలు ఏర్పడేవి. పెద్దది చేసేకొద్దీ మసక కూడా పెద్దదయ్యేది. దీనివల్ల ఎంత గందరగోళం జరిగిందో 1820ల నాటి 'గోళికల' కథ చెబుతుంది. జంతు కణజాలాలన్నీ మిల్లీమీటరులో మూడువందలో వంతు ఉండే ఒకే సైజు గోళికలతో తయారయ్యాయని 1823లో ఫ్రాన్సులో ఆన్రీ మిల్న్-ఎడ్వర్డ్స్ ప్రకటించాడు. వినడానికి కణ సిద్ధాంతంలాగే ఉంది కదా? నాలుగేళ్ల తర్వాత జోసెఫ్ జాక్సన్ లిస్టర్, థామస్ హాడ్జ్‌కిన్ మెరుగైన కటకాలతో అవే కణజాలాలను చూస్తే ఆ గోళికలు మాయమయ్యాయి. వాటిలో చాలా భాగం కటకాల దోషం సృష్టించిన వలయాలే. రంగుల దోషాన్ని సరిదిద్దే కటకాలను ఎలా కూర్చాలో లిస్టర్ 1830లో ప్రచురించాడు. ఆ పరికరాలు చేతికందాక పదేళ్లలోపే కథ మలుపు తిరిగింది. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో కేంద్రకాన్ని గుర్తించి, దానికి ఆ పేరు పెట్టాడు.

ష్లీడన్, ష్వాన్: రెండు సరైనవి, ఒకటి తప్పు

మథియాస్ ష్లీడన్ న్యాయవాద వృత్తి వదిలి వృక్షశాస్త్రంలోకి వచ్చినవాడు. మొక్క మొత్తం కణాల సముదాయమేనని, ప్రతి కణానికీ తనదంటూ ఒక బతుకు ఉందని 1838లో రాశాడు. అంతకుముందే ఒక విందులో అతను కేంద్రకం గురించి చెబుతుంటే థియొడోర్ ష్వాన్‌కు తాను పరిశోధిస్తున్న కప్ప డింభకం గుర్తొచ్చింది. దాని పృష్ఠవంశంలోనూ మృదులాస్థిలోనూ అచ్చం అలాంటి కేంద్రకాలున్న గదులే తాను చూశాడు. ఇద్దరూ ప్రయోగశాలకు వెళ్లి సరిచూసుకున్నారు.

1839లో ష్వాన్ రాసిన పుస్తకం గొప్పతనం ఆ ఒక్క పోలికలో లేదు. మృదులాస్థి కణాలు మొక్కల కణాల్లాగే కనిపిస్తాయి కాబట్టి ఒప్పుకోవడం తేలిక. ఎముక, కండర తంతువు, గోరు, ఈక, నరం మాత్రం చూడటానికి గదుల్లా ఉండవు. ఇవన్నీ పిండదశలో కణాలుగానే మొదలై తర్వాత రూపం మార్చుకుంటాయని ష్వాన్ ఒక్కొక్కదాన్నీ తీసుకుని చూపించాడు. మొక్క, జంతువు అనే రెండు వేరు లోకాలను ఒకే గాటన కట్టింది ఈ పనే. మొదటి రెండు వాక్యాలకు వీళ్ల పేర్లు ఉండటం న్యాయమే.

మరి కణాలు ఎలా పుడతాయి? ష్లీడన్ లెక్కలో పాత కణంలోని ద్రవంలో మొదట కేంద్రకం పేరుకుంటుంది, దాని చుట్టూ కొత్త కణం బుడగలా పెరుగుతుంది. ష్వాన్ ఇంకో అడుగు ముందుకేసి, జంతువుల్లో కణాల మధ్య ఉన్న రూపంలేని ద్రవంలో, ఉప్పు ద్రావణంలో స్ఫటికాలు తేలినట్టు కణాలు తేలతాయన్నాడు. ఈ మాట ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, దాని వెనక ఒక పట్టుదల ఉంది. జీవులకు ప్రత్యేకమైన 'ప్రాణశక్తి' ఏదో ఉందని అప్పటి శాస్త్రవేత్తలు చాలామంది నమ్మేవారు. అలాంటిదేమీ అక్కర్లేదని, స్ఫటికం లాగే కణం కూడా మామూలు భౌతిక నియమాలతోనే ఏర్పడుతుందని ష్వాన్ చూపాలనుకున్నాడు. ఉద్దేశం మంచిదే, పట్టుకున్న ఉదాహరణ చెడింది.

మూడో వాక్యం ఎవరిది

కణం రెండుగా చీలడాన్ని అప్పటికే కొందరు చూశారు. 1832లో బెల్జియంలో బార్తెలెమీ డ్యుమోర్టియే, 1835లో జర్మనీలో హ్యూగో ఫాన్ మోల్ శైవలాల్లో దీన్ని వర్ణించారు. కానీ అది కొన్ని నాచుమొక్కల వింత అనుకున్నారు. జంతువులకు కూడా అదే దారి అని పట్టుబట్టింది బెర్లిన్‌లో రాబర్ట్ రెమాక్. 1841లోనే కోడిపిండం ఎర్ర రక్తకణాలు రెండుగా విడిపోవడం చూశాడు. ఆ తర్వాత పదేళ్లకు పైగా కప్ప గుడ్డు మొదటి చీలిక నుంచి కణజాలాలు ఏర్పడేదాకా అంచెలంచెలుగా గమనించాడు. కణాల మధ్య ద్రవంలో కొత్త కణం పుట్టడమన్నది, నిర్జీవ పదార్థం నుంచి జీవులు పుట్టుకురావడం ఎంత అసంభవమో అంత అసంభవమని 1852లో తేల్చి రాశాడు.

రుడాల్ఫ్ విర్కోవ్ అదే నగరంలో చదువుకున్నవాడు. కణాలు ద్రవంలోంచి పుడతాయన్న వాదాన్నే అతనూ కొన్నేళ్లు నమ్మాడు. తర్వాత మనసు మార్చుకుని 1855లో తన సొంత పత్రికలో 'ప్రతి కణమూ కణం నుంచే' అన్న అర్థమిచ్చే లాటిన్ సూత్రాన్ని ప్రకటించాడు. ఫ్రాన్సులో ఫ్రాంస్వా రాస్పాయ్ 1825లోనే ఆ సూత్రాన్ని వాడి ఉన్నాడు. రెమాక్‌కు దక్కాల్సిన గుర్తింపు విర్కోవ్ ఇవ్వలేదన్న ఆరోపణ అప్పుడే వచ్చింది, చరిత్రకారులు ఇప్పటికీ దాన్ని సమర్థిస్తారు. యూదుడైన రెమాక్ మతం మార్చుకోవడానికి ఒప్పుకోలేదు, పూర్తిస్థాయి ప్రొఫెసర్ పదవి అతనికి ఎన్నడూ దక్కలేదు. అతని మాట దూరం వెళ్లకపోవడానికి ఇదీ ఒక కారణమే.

విర్కోవ్ వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. ఈ సూత్రం ఆస్పత్రికి ఎందుకు ముఖ్యమో చూపింది అతనే. అతని గురువు యోహానెస్ మ్యుల్లర్ 1838లో కంతులన్నీ కణాలతోనే ఉంటాయని చూపించాడు గానీ, ఆ కణాలు రూపంలేని ద్రవంలోంచి పుట్టుకొస్తాయనుకున్నాడు. అదే నిజమైతే క్యాన్సర్ ఒంట్లోకి చొరబడిన పరాయి పదార్థంలాంటిది. కణం కణం నుంచే పుడితే, కంతిలోని కణాలు రోగి సొంత కణాల సంతానం. రోగం అంటే కణాల నడక తప్పడమని 1858లో విర్కోవ్ వైద్యులకు ఇచ్చిన ఇరవై ఉపన్యాసాల సారాంశం. బయాప్సీ ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టే ప్రతి పాథాలజిస్టూ ఈ నమ్మకం మీదే పనిచేస్తున్నారు.

ఇక్కడ పాశ్చర్‌ను కలిపి చదివి తికమకపడటం మామూలే. విర్కోవ్, రెమాక్‌ల తగువు శరీరం లోపల కొత్త కణాలు ఎలా వస్తాయన్నది. 1860 ప్రాంతంలో పాశ్చర్ తేల్చింది శరీరం బయట, మరిగించిన రసంలో సూక్ష్మజీవులు వాటంతటవే పుడతాయా అన్నది. హంస మెడలా వంచిన గాజు కుప్పెల్లో గాలి వెళ్లినా దుమ్ము వంపులోనే ఆగిపోయేది, రసం చెడేది కాదు. మెడ విరగ్గొడితే కొద్దిరోజుల్లో చెడిపోయేది. వాటంతటవే పుడతాయని వాదించిన పూషే ఎండుగడ్డి కషాయంతో చేసిన ప్రయోగాల్లో మరిగించాక కూడా సూక్ష్మజీవులు కనిపించేవి. అతను మోసం చేయలేదు. గడ్డిలో ఉండే కొన్ని బాక్టీరియాల సిద్ధబీజాలు మరిగే నీటినీ తట్టుకుంటాయని 1870లలో గానీ తెలియలేదు. 1882 నాటికి వాల్తర్ ఫ్లెమింగ్ సాలమాండర్ డింభకాల కణాలకు రంగులద్ది, విభజనలో కేంద్రకంలోని పోగులు ఎలా పంపిణీ అవుతాయో బొమ్మలు గీసి చూపించాడు. 'చీలుతుంది' అన్న మాటకు అప్పుడు యంత్రాంగం దొరికింది.

రెండు చిన్న లెక్కలు

ఒక్క కణంతో మొదలై మనిషి తయారవడానికి ఎన్ని విభజనలు కావాలి? పెద్దవారి శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయని 2016 నాటి అంచనా. ఒకటి రెండు, రెండు నాలుగు... పది రెట్టింపులకు 1,024. ఇరవైకి పది లక్షలు దాటుతుంది. ముప్ఫైకి 107 కోట్లు. నలభైకి లక్ష కోట్ల పైచిలుకు. నలభై ఐదుకు 35 లక్షల కోట్లు. అంటే వరుసగా నలభై ఐదు రెట్టింపులు చాలు. నిజ జీవితంలో లెక్క ఇంత నున్నగా ఉండదు. దారిలో బోలెడు కణాలు చచ్చిపోతాయి, ఎముక మజ్జ సెకనుకు ఇరవై లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలను కొత్తగా తయారుచేస్తూనే ఉంటుంది. అయినా చీలిక అనే ఒక్క పద్ధతి ఇంత పెద్ద ఒంటిని కట్టగలదా అన్న సందేహానికి ఈ లెక్క జవాబు.

రెండోది: కణాలు ఎందుకంత చిన్నవి? పక్క పొడవు 10 మైక్రోమీటర్లున్న ఘనాకారపు కణం అనుకుందాం. ఉపరితలం 600 చదరపు మైక్రోమీటర్లు, ఘనపరిమాణం 1,000. పక్కను 100 చేస్తే ఉపరితలం 60,000, ఘనపరిమాణం 10 లక్షలు. లోపలి సరుకు వెయ్యి రెట్లయితే, తిండీ ఆక్సిజనూ వచ్చే ఉపరితలం వంద రెట్లే అయింది. దానికి తోడు అణువులు తమంతట తాము వ్యాపించడానికి దూరం పది రెట్లయితే సమయం వంద రెట్లవుతుంది. అందుకే పెద్ద జీవి అంటే ఎక్కువ కణాలు, పెద్ద కణాలు కావు. మినహాయింపుల్లా కనిపించేవీ ఈ లెక్కను ఎలాగో సర్దుకున్నవే. నాడీకణం పొడవైనా సన్నం. పక్షి గుడ్డులోని పచ్చసొన పెద్దదే, కానీ చాలా భాగం నిల్వ ఆహారం.

నాడులు చాలాకాలం కణ సిద్ధాంతానికి లొంగలేదు

కామిల్లో గాల్జి 1873లో వెండి లవణంతో నాడీ కణజాలానికి నల్లరంగు ఎక్కించే పద్ధతి కనిపెట్టాడు. దాని మహిమ ఏమిటంటే అన్నిటికీ రంగు ఎక్కదు. నూటికి ఏ కొన్నిటికో, కానీ వాటి కొమ్మలతో సహా పూర్తిగా ఎక్కుతుంది. ఆ చిక్కటి అడవిని చూసి మెదడంతా తెగని ఒకే వల అని గాల్జి నమ్మాడు. అదే పద్ధతితో స్పెయిన్‌లో సాంటియాగో రమోన్ ఇ కహాల్ చూసి, కొమ్మలు దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాయి, ప్రతి నాడీకణమూ విడి అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ వేదిక మీదే గాల్జి కహాల్ సిద్ధాంతాన్ని ఖండిస్తూ ఉపన్యసించాడు. 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రెండు నాడీకణాల మధ్య సుమారు 20 నానోమీటర్ల సందును చూపించాక గానీ తగువు తీరలేదు. కొన్నిచోట్ల నాడీకణాల మధ్య నేరుగా దారులూ ఉన్నాయని తర్వాత తేలింది కాబట్టి గాల్జిది కూడా వట్టి భ్రమ అనలేం.

గీత దాటే జీవులు

మనిషి ఎర్ర రక్తకణానికి కేంద్రకం లేదు. అది పుట్టినప్పుడు ఉంది, పెరిగే క్రమంలో బయటకు నెట్టేసింది. అస్థికండర తంతువు అనేక కణాలు కలిసిపోయి ఏర్పడింది, ఒక్క తంతువులో వందల కేంద్రకాలు. కాలెర్పా అనే సముద్రపు శైవలం మీటరుకు మించి పాకుతుంది, ఆకుల్లాంటివి, వేళ్లలాంటివి కూడా ఉంటాయి, లోపల మాత్రం అడ్డుగోడలే లేవు. మొత్తం ఒకే కణం, లెక్కలేనన్ని కేంద్రకాలు.

వీటిని చూపించి, ప్రమాణం కణం కాదు, మొత్తం జీవే అని వాదించినవారు ఉన్నారు. కణాలు కలిసి మొక్కను తయారుచేయవు, మొక్కే కణాలను తయారుచేస్తుందని 19వ శతాబ్దంలో అంటోన్ ద బరీ అన్నాడు. అందులో పస ఉంది. ఏ కణం ఎప్పుడు చీలాలో, ఎప్పుడు చావాలో చాలావరకు చుట్టూ ఉన్న కణాలే నిర్ణయిస్తాయి. ఒంట్లో ఉన్న కణాన్ని పూర్తిగా స్వతంత్ర జీవి అనలేం. అటువైపు వాదం ఏమిటంటే, కాలెర్పాకు కూడా చుట్టూ ఒక త్వచం ఉంది, కండర తంతువు కణాలు కలవడం వల్లే వచ్చింది. నా లెక్కలో ఈ ఉదాహరణలు రెండో వాక్యాన్ని కుదుపుతాయి, మూడోదాన్ని తాకను కూడా తాకవు. కాలెర్పా ఎంత వింతదైనా ఇంకో కాలెర్పా నుంచే వస్తుంది.

వైరస్ విషయం వేరు. 1898లో మార్టినస్ బైజెరింక్ పొగాకు మొజాయిక్ తెగులుకు కారణం బాక్టీరియా వడపోతలోనూ ఆగనిదని, సజీవ కణాల్లోనే వృద్ధి చెందుతుందని గుర్తించాడు. 1935లో వెండెల్ స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా మార్చాడు. సీసాలో రసాయనంలా నిల్వ ఉండి, ఆకు మీద రుద్దగానే మళ్లీ తెగులు తెచ్చే వస్తువును ఏమనాలి? రైబోసోములు లేవు, సొంత జీవక్రియ లేదు, కాబట్టి జీవి కాదన్నది ఒక పక్షం. జన్యువులున్నాయి, ఉత్పరివర్తనాలు చెందుతుంది, పరిణామం చెందుతుంది, కాబట్టి కణంలో ఉన్నంతసేపు అది జీవేనన్నది రెండో పక్షం. అమీబాలో దొరికిన మిమివైరస్‌ను మొదట బాక్టీరియా అనే అనుకున్నారు, అది వైరస్ అని 2003లో ప్రకటించారు. దాని జన్యుపదార్థం కొన్ని బాక్టీరియాల కన్నా పెద్దది. అయినా ప్రోటీన్లు తయారు కావాలంటే అమీబా రైబోసోములే దిక్కు. వైరస్‌ను జీవి అన్నా అనకపోయినా, కణం లేకుండా అది పెరగదన్న విషయంలో రెండు పక్షాలకూ తేడా లేదు.

మరి మొట్టమొదటి కణం?

'ప్రతి కణమూ కణం నుంచే' అన్నదాన్ని అక్షరాలా వెనక్కి తీసుకెళ్తే ఎక్కడో ఆగాలి. భూమి మీద జీవానికి కనీసం 350 కోట్ల ఏళ్ల చరిత్ర ఉంది, అంతకుముందు భూమి ఉంది గానీ కణాలు లేవు. కాబట్టి ఒకప్పుడు కణం కానిదాని నుంచి కణం వచ్చి ఉండాలి. పాశ్చర్ ప్రయోగాలకు ఇది విరుద్ధమేమీ కాదు. కుప్పెలో కొన్ని నెలల్లో పుట్టదని ఆయన చూపాడు, కోట్ల ఏళ్లలో ఆక్సిజన్ లేని సముద్రాల్లో అసాధ్యమని ఆయన చూపలేదు. మూడో వాక్యాన్ని ఇప్పుడున్న జీవలోకానికి వర్తించే నియమంగా చదవాలి. నేటి కణాలన్నిటికీ దాదాపు ఒకే జన్యుసంకేతం, ఒకే తరహా రైబోసోములు ఉండటం వల్ల అవన్నీ ఒకే పూర్వీకుడి సంతానమని జీవశాస్త్రజ్ఞులు భావిస్తారు. మధ్యలో విలీనాలూ జరిగాయి. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది, అవి మైటోకాండ్రియా నుంచే పుడతాయి. ఒకప్పుడు అవి విడిగా బతికిన బాక్టీరియాలన్న వాదనను 1967లో లిన్ మార్గులిస్ గట్టిగా ముందుకు తెచ్చారు, ఇప్పుడది పాఠ్యాంశం.

2010లో క్రెయిగ్ వెంటర్ బృందం మైకోప్లాస్మా మైకాయిడిస్ అనే బాక్టీరియా జన్యుపదార్థాన్ని, పది లక్షలకు పైగా అక్షరాల డీఎన్ఏను, రసాయనికంగా కూర్చింది. 'కృత్రిమ జీవం' అని శీర్షికలు వచ్చాయి. ఆ డీఎన్ఏ పనిచేయడానికి దాన్ని మైకోప్లాస్మా కాప్రికోలమ్ అనే మరో బాక్టీరియా కణంలో పెట్టాల్సి వచ్చింది. త్వచం, రైబోసోములు, మొదటి ప్రోటీన్లు అన్నీ ఆ పాత కణానివే. విడి అణువులతో మొదలుపెట్టి, తిని, పెరిగి, తనంతట తాను తరతరాలుగా చీలే కణాన్ని ఏ ప్రయోగశాలా ఇంతవరకు తయారుచేయలేదు. త్వచాన్ని ఒక బృందం, ప్రోటీన్ల తయారీని ఇంకో బృందం, చీలికను మరో బృందం విడివిడిగా సాధిస్తూ వాటిని ఒకే బుడగలో కలిపే ప్రయత్నంలో ఉన్నాయి.